తీసిన చోటే పెట్టాలంటే…

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిట్లో దాదాపు ఒకటే గొడవ. కుట్టుగదిలో కత్తెర కనపడదు, వంటింట్లో గరిటె కనపడదు. 30 ఏళ్ళుగా ఇంట్లోనే కుట్టుపని నేర్పుతున్నాను. ఇళ్ళు మారినప్పుడల్లా నా గదీ మారింది. ఒకసారి గది కూడా లేదు, మెట్ల కింద జాగాలోనే మిషను వేసుకున్నాను. తప్పులన్నీ చేసేశాను కాబట్టి ధైర్యంగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీచరు గారూ, పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక మా ఇంట్లో పది అడుగులు బై తొమ్మిది అడుగుల గది ఖాళీ అయింది. కుట్టుమిషను, ఎంబ్రాయిడరీ, పూసల పని అన్నీ అందులోకి మార్చాను. రెండుసార్లు శుభ్రంగా సర్దినా, నెల తిరక్కుండానే మళ్ళీ కాలు పెట్టడానికి చోటు లేకుండా పోతోంది. ర్యాకులు, డబ్బాలు కొందామనుకుంటున్నాను. ఏవి, ఎన్ని కొనమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఒక్కటి కూడా కొనకండమ్మా. ముందు మిషను పక్కన ఒక చిన్న పుస్తకం, పెన్సిల్ పెట్టుకోండి. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ ఒక గీత గీసి, దేనికోసం లేచారో పక్కన ఒక్క మాట రాయండి. వారం చాలు. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక్క గౌను పూర్తయ్యేలోపు 23 గీతలు వచ్చాయి. అందులో తొమ్మిది ఇస్త్రీ కోసం, ఆరు కత్తెర కోసం. ఇస్త్రీ బల్ల పక్క గదిలో ఉండేది మరి! దాన్ని తెచ్చి మిషనుకి ఎడమ పక్కన, కుర్చీ తిప్పితే అందేలా వేశాక ఆ తొమ్మిది గీతలూ పోయాయి.

ఇది నా సొంత తెలివేం కాదు. లిలియన్ గిల్‌బ్రెత్ అని అమెరికాలో ఒకావిడ ఉండేవారు. భర్తతో కలిసి ఫ్యాక్టరీల్లో కార్మికుల చేతుల కదలికలు లెక్కపెట్టేవారు. 1924లో భర్త పోయాక, 11 మంది పిల్లలతో మిగిలిన ఆవిడ ఆ లెక్కల్నే వంటింట్లోకి తెచ్చారు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తోందో చూసి, దాన్ని బట్టి బల్ల ఎక్కడ, పొయ్యి ఎక్కడ అని చెప్పేవారు. కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపుకి అరలు ఆవిడ ఆలోచనలే అంటారు. మనమూ ముందు అడుగులు లెక్కపెడదాం, డబ్బాల సంగతి తర్వాత.

డబ్బాల విషయంలో నా పట్టింపు ఒక్కటే. వస్తువు తియ్యడం ఎంత కష్టమైనా తీస్తాం, ఎందుకంటే అవసరం మనది. తిరిగి పెట్టేటప్పుడు ఆ అవసరం ఉండదు. అందుకని తిరిగి పెట్టడం ఒంటి చేత్తో అయిపోవాలి. మూడు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చారనుకోండి, అడుగు డబ్బాలోది తీస్తారు కానీ మళ్ళీ అందులో పెట్టరు. బల్ల మీదే వదిలేస్తారు. మీ గది నెలకే పాడవుతోందంటే మీ బద్ధకం వల్ల కాదు, ఇలాంటి డబ్బాల వల్లే అయ్యుంటుంది. రోజూ వాడేవాటికి మూతలే వద్దు. మోకాలికీ నుదుటికీ మధ్య ఎత్తులో తెరిచి ఉన్న అరల్లో పెట్టండి. బరువైనవి కింద, ఏడాదికోసారి తీసేవి పైన. బట్టలు ఒకే కొలత అట్టముక్క మీద చుట్టి మడతపెడితే, అట్ట లాగేశాక అన్నీ ఒకే వెడల్పుతో పుస్తకాల్లా నిలబడతాయి. మధ్యలోది లాగినా పక్కవి కూలవు. దారపు రీళ్ళు మాత్రం కిటికీ ఎదురుగా అందంగా పేర్చకండి. ఎండకి రంగు పోవడమే కాదు, దారం బలం కూడా తగ్గిపోతుంది.

గోడకి చిల్లుల బోర్డు వేసుకుంటే కత్తెర్లు, స్కేళ్ళు, ఫ్రేములు కళ్ళెదురుగా ఉంటాయి. మొదటి బోర్డు నేనే బిగించాను, గోడకి బాగా ఆనించి, నాలుగు మూలలా గట్టిగా స్క్రూలు వేసి. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయి కొక్కెం పెట్టబోతే దూరదు! కొక్కెం వంపు చిల్లులోంచి వెనక్కి వెళ్ళి పైకి తిరగడానికి అర అంగుళమైనా ఖాళీ కావాలి కదా. మళ్ళీ అన్ని స్క్రూలూ విప్పి, వెనక చెక్కపట్టీలు వేసి బిగించాల్సి వచ్చింది.

బల్లల ఎత్తు గురించి మీరు అడగలేదు కానీ నేనే చెప్తాను. నడుం నొప్పి వచ్చాక అడుగుతారు ఎలాగూ. కుట్టే బల్ల, కత్తిరించే బల్ల ఒకటే ఎత్తులో ఉండకూడదు. కూర్చుని కుట్టడానికి మామూలు బల్ల సరిపోతుంది. నిలబడి కత్తిరించే బల్ల మాత్రం మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందగా ఉండాలి. నేను చాలా ఏళ్ళు 30 అంగుళాల భోజనాల బల్ల మీద వంగి కత్తిరించాను. తర్వాత దాని కాళ్ళ కింద ఆరంగుళాల చెక్కదిమ్మలు పెట్టించాను. కాలు జారిపోకుండా దిమ్మ మధ్యలో గుంట చెక్కించడం మర్చిపోకండి.

లైటు చేతి నీడ పని మీద పడకుండా ఉండాలి. కుడిచేతి వాటమైతే దీపం ఎడమ వైపు. బల్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద సీఆర్ఐ అనే అంకె చూడండి, 90 దాటితే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి. ఒకసారి రాత్రి పసుపు బల్బు కింద దారం సరిపోయిందని చేతుల కుట్టు అంతా వేసేశాను. తెల్లారి చూస్తే బట్ట నీలం, దారం వంకాయ రంగు.

ఇంకొకటి. ఇస్త్రీపెట్టె, గ్లూ గన్ను, మిషను మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకండి. ఇస్త్రీపెట్టె ఒక్కటే వెయ్యి వాట్లు, అంతకు పైన కూడా లాగుతుంది. దాన్ని నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి.

ప్రశ్న: నా బట్టల కత్తెరతో మా ఇంట్లో అందరూ కాగితాలు, ప్యాకెట్లు కోసేస్తున్నారు. కాగితం కోస్తే నిజంగా మొద్దుబారుతుందా, లేక అది పాతకాలం మాటా?

జవాబు: నిజమే. కాగితం నున్నగా, తెల్లగా ఉండటానికి అందులో సుద్ద, మెత్తటి మట్టి లాంటి ఖనిజాల పొడి కలుపుతారు. అది కత్తెర అంచుని అరగదీస్తుంది. మొద్దుబారిన కత్తెర పల్చటి బట్టని కొయ్యదు, నములుతుంది.

నేనూ కేకలేశాను. లాభం లేక నా కత్తెర పిడికి ఎర్రదారం కట్టి, 'ఇది ముట్టుకోవద్దు' అన్నాను. రెండు రోజులకి మా వారు దాంతోనే అట్టపెట్టె కోస్తూ దొరికారు. అడిగితే 'ఎర్రదారం ఉంది కదా, మంచి కత్తెరేమో అనుకున్నాను' అన్నారు. ఇంక గొడవపడటం మానేసి, ఒక మామూలు కత్తెర కొని వంటింట్లో ప్యాకెట్లు విప్పే చోట మేకుకి వేలాడదీశాను. అంతే. వాళ్ళకి నా కత్తెర మీద పగేమీ లేదు, దగ్గర్లో అదొక్కటే ఉండేది!

ప్రశ్న: నమస్కారం మేడం. ఉద్యోగం వచ్చి మొదటిసారి ఒంటరిగా ఇల్లు తీసుకున్నాను. వంట కొంచెం వచ్చు. సామాన్లు కొందామని చూస్తే 12 పీసుల సెట్టు, 18 పీసుల సెట్టు అంటున్నారు. ఏది అవసరమో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, ఆ 12 పీసుల్లో మూతలు కూడా లెక్కే, చూసుకో. సెట్టు కొంటే నాలుగు గిన్నెలు వాడతావు, మిగతావి అరలో చోటు తింటాయి. విడివిడిగా కొనుక్కో.

ఏడెనిమిది అంగుళాల కత్తి ఒకటి, చిన్నది ఒకటి. ముందు వీటికి ఖర్చు పెట్టు. కోసే పలక చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు, గాజుది మాత్రం వద్దు. కత్తి పదును వారంలో పోతుంది. పలక కింద తడిగుడ్డ పరిస్తే జారదు. మొద్దు కత్తి వేళ్ళకి భద్రం అనుకుంటారు కొందరు. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి, అది జారేది అప్పుడే. పచ్చి మాంసం కోసేటట్లయితే దానికి పలక వేరే పెట్టుకో.

గిన్నెలు మూడు చాలు. మూత ఉన్న లోతు గిన్నె, వెడల్పాటి మందమైన బాణలి, ఒక పెనం. కొనేటప్పుడు గిన్నెని తిప్పి అడుగు చూడు. స్టీలు తోమడానికి హాయి కానీ వేడిని పాకించడంలో చాలా మందకొడి. అల్యూమినియంతో పోలిస్తే పదిహేనో వంతు ఉంటుందేమో. అందుకే పల్చటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాడిపోయి, పక్కన పచ్చిగా ఉంటుంది. మంచి స్టీలు గిన్నెల అడుగున మధ్యలో అల్యూమినియం పొర ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఆ బరువు తెలుస్తుంది. ఇండక్షన్ పొయ్యి అయితే జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకెళ్ళు. గిన్నె అడుగుకి అతుక్కుంటే తీసుకో, లేకపోతే వదిలెయ్.

నాన్‌స్టిక్ పెనం కొంటే దాన్ని ఖాళీగా పొయ్యి మీద పెట్టి ఫోను మాట్లాడుతూ కూర్చోకు. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పైపూత పాడవడం మొదలవుతుంది. ఆ పొగ పంజరంలో పెంచుకునే పక్షుల ప్రాణం తీస్తుంది. ఇనప పెనమైతే ఆ బాధ లేదు, దానికి కావలసింది ఓపిక. కడిగి, పొయ్యి మీద తడి ఆర్చి, నూనె రాసి, పొరపాటున రాశామన్నట్టు మొత్తం తుడిచెయ్. ఆ కనీకనపడని పొరే వేడికి గట్టిపడి నల్లటి పూత అవుతుంది. నూనె ఎక్కువైతే జిగురు కట్టి చేతికంటుకుంటుంది. నా మొదటి పెనానికి ఆ జిగురు గీకడానికే ఒక ఆదివారం పట్టింది.

గ్రాములు చూపించే చిన్న తూకం ఒకటి, కొలత చెంచాలు ఒక జత. చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు, పెద్దది 15. మిగిలిన యంత్రాలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. 'ఇది ఉంటే బాగుండేది' అని నెలలో మూడుసార్లు అనిపించిన దాని పక్కన మూడు గీతలు పడతాయి. అది కొను.

ఇంక సర్దడం. సింకుకీ పొయ్యికీ మధ్య గట్టు మీద చేతులు చాపుకుని పనిచేసుకునేంత జాగా ఖాళీగా ఉంచు. కొత్తవాళ్ళందరూ మిక్సీ, నీళ్ళ సీసాలు, గిన్నెల స్టాండు తెచ్చి సరిగ్గా అక్కడే పెడతారు. గరిటెలు డ్రాయర్లో దాచకు, పొయ్యి పక్కన జాడీలో నిలబెట్టు. ఉప్పు డబ్బా ఒంటి చేత్తో తెరుచుకునేదై ఉండాలి, రెండో చేతిలో గరిటె ఉంటుంది కదా. నూనె, పొడులు పొయ్యికి నేరుగా పైన వద్దు, ఆ వేడికి వాసన పోతుంది.

1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ అపార్ట్‌మెంట్ల కోసం ఒక వంటిల్లు గీశారు. సుమారు 6 అడుగులు బై 11 అడుగులు. అంత ఇరుకులో కిటికీ ముందు పనిబల్ల, తిరిగే స్టూలు, ముందు వైపు మూతి ఉన్న అల్యూమినియం సొరుగులు అన్నీ ఇరికించారు. సొరుగు లాగి వంచితే సరుకు నేరుగా గిన్నెలో పడుతుంది. వాటి మీద సరుకు పేర్లు ముందే రాసి ఇచ్చేవారు. అదొక్కటే నాకు నచ్చదు. ఏ డబ్బాలో ఏముండాలో వండేవాళ్ళు చెప్పాలి కానీ ఇల్లు గీసినవాళ్ళు కాదు. నీ డబ్బాల మీద పేర్లు రెండు నెలలు వండాక అంటించు, ముందు వద్దు.

ప్రశ్న: ఇంట్లో సబ్బులు, కొవ్వొత్తులు చేద్దామనుకుంటున్నాను. వంటింటి గిన్నెలే వాడొచ్చా? శుభ్రంగా కడుగుతాను.

జవాబు: కడిగినా వద్దమ్మా. సబ్బుకి వాడే కాస్టిక్ సోడా అల్యూమినియంని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. నేను తెలియక పాత అల్యూమినియం గిన్నెలో కలిపాను. బుసబుసమని పొంగి, గిన్నె నల్లబడి, వెచ్చటి ఆవిరి ముక్కుకి కొట్టింది. కిటికీ తెరిచి ఉండబట్టి బతికిపోయాను. స్టీలు గిన్నె, చేతికి గ్లౌజులు, కళ్ళజోడు, గాలి తగిలే చోటు. నీళ్ళలో కాస్టిక్ వెయ్యాలి, కాస్టిక్‌లో నీళ్ళు పొయ్యకూడదు.

మైనాన్ని నేరుగా మంట మీద కరిగించకండి, మరుగుతున్న నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. పొరపాటున అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత వెయ్యాలి. నీళ్ళు పోశారంటే మంట ఎగిరి మీద పడుతుంది.

ఈ పనికి వాడిన గిన్నె, గరిటె మళ్ళీ వంటకి రాకూడదు. బట్టలకి రంగులద్దే గిన్నెలూ అంతే. పిడికి ఎర్ర పెయింటు పూసి, అసలు వంటింట్లోనే లేకుండా పనిగదిలో పెట్టండి. ఎర్రదారం కథ పైన చదివారుగా, గుర్తు ఒక్కటే పెడితే చాలదు.

ప్రశ్న: గుడ్డముక్కలు పారెయ్యబుద్ధి కాదు. నాలుగు సంచులయ్యాయి.

జవాబు: నాకు ఏడు. అరచేతి కంటే చిన్న ముక్కలన్నీ ఒక దిండు గలీబులో కుక్కి కుట్టేశాను, కుట్టేటప్పుడు పాదం కింద వేసుకుంటున్నాను. అరచేతి కంటే పెద్దవి ఒకే ఒక్క పెట్టెలో. అది నిండితే కొత్తది పెట్టేముందు పాతది ఒకటి బయటికి పోవాలి. ఏ ముక్క పోవాలో తేల్చుకోవడానికి నిన్న గంటసేపు కూర్చున్నాను, ఇంకా తేలలేదు.