మందుల సంచి కంటే ముందు మందుల జాబితా

విదేశీ ప్రయాణం దగ్గర పడ్డవాళ్ళు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఏయే మందులు తెచ్చుకోవాలి?" నేను మాత్రం తిరిగి, "మీరు రోజూ వేసుకునే మందుల అసలు పేర్లు మీకు తెలుసా?" అని అడుగుతాను. చాలామందికి తెలియవు. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరే తెలుసు. ఆ పేరు విదేశంలో డాక్టరుకు గానీ, ఫార్మసిస్టుకు గానీ అర్థం కాదు. వాళ్ళకు కావలసింది దాని కింద సన్నటి అక్షరాల్లో ఉండే జెనరిక్ పేరు (అంటే మందులోని అసలు పదార్థం పేరు), మిల్లీగ్రాములు.

తెలిసినవాళ్ళ అమ్మగారు కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తలో రాత్రిపూట కళ్ళు తిరిగి పడిపోయారు. ఎమర్జెన్సీలో డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే, "బీపీకి చిన్న గులాబీ బిళ్ళ, షుగరుకు తెల్లది" అన్నదే సమాధానం. మందులు ఇంట్లో ఉండిపోయాయి, చీటీ ఇండియాలో ఉంది. అలాంటి సమయంలో డాక్టర్లు మందు ఇవ్వాలన్నా ఆలోచించాల్సి వస్తుంది. అందుకే ఒక కాగితం మీద జెనరిక్ పేరు, మోతాదు, ఏ పూట వేసుకుంటారు, ఏ జబ్బుకు, ఏ మందు పడదు అన్నవి ఇంగ్లీషులో రాసి పెట్టుకోండి. ఒక కాపీ పాస్‌పోర్టుతో పాటు, ఒకటి ఫోన్లో ఫొటోగా, ఒకటి కూడా ఉండేవాళ్ళ దగ్గర ఉండాలి. కొన్ని పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. మన పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్, షుగరుకు వాడే గ్లైబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్.

ఇక మందులు కొనేటప్పుడు కత్తిరించిన స్ట్రిప్పులు తీసుకోకండి. పదిహేను మాత్రల స్ట్రిప్పులో పది కావాలంటే షాపులో కత్తెరతో కోసి ఇస్తారు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. చేతికి వచ్చిన వెండి రేకులో ఏముందో కస్టమ్స్ అధికారికే కాదు, ఆర్నెల్ల తర్వాత మీకు కూడా తెలియదు. పూర్తి స్ట్రిప్పులు, వీలైతే అట్టపెట్టెతో సహా కొనండి. రోజువారీ గళ్ళ డబ్బాలో మాత్రలు సర్దుకోవడం అక్కడికి చేరాక చేసుకోవచ్చు. డాక్టరు చీటీ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఇంకో చోట అసలు లేకుండా ఉంటే అనవసరంగా ప్రశ్నలు వస్తాయి.

ఎన్నాళ్ళకు సరిపడా తెచ్చుకోవచ్చనేది ఒక్కో దేశంలో ఒక్కో రకం. సొంత వాడకానికి అమెరికాలో మామూలుగా 90 రోజులకు, ఆస్ట్రేలియాలో మూడు నెలలకు మించకూడదు. జపాన్‌లో ముందస్తు అనుమతి లేకుండా అయితే నెల రోజులకే. అమెరికాకు ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నలు మిగతా మందులను తర్వాత పోస్టులోనో కొరియర్‌లోనో తెప్పించుకునే వీలుంది. దానితో పాటు డాక్టరు ఉత్తరం, చీటీ, వీసా, పాస్‌పోర్టు కాపీలు జతచేయాలి.

అసలు టెన్షన్ పెట్టేవి నిద్ర మాత్రలు, గట్టి నొప్పి మందులు, కొన్ని దగ్గు మందులు. మన దగ్గర డాక్టరు మామూలుగా రాసిచ్చే ఆల్ప్రజోలం, ట్రమడాల్, దగ్గు సిరప్పుల్లో ఉండే కోడీన్ చాలా దేశాల్లో నియంత్రణలో ఉన్న మందులు. దుబాయి, అబుదాబి వెళ్ళేవాళ్ళు ఇలాంటివాటికి ఆ దేశ ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి. సింగపూర్‌లోనూ వీటికి అనుమతి పద్ధతి ఉంది. జలుబు మందుల్లో కలిసే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి రానివ్వరు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న వారంలోనే ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో మీ మందు జెనరిక్ పేరుతో వెతికి చూడండి. మధ్యలో విమానం మారే దేశాన్ని మర్చిపోవద్దు. పక్కింటివాళ్ళు "మా అబ్బాయికి ఇవ్వండి" అని ఇచ్చే మందుల పొట్లం మాత్రం దయచేసి తీసుకోకండి. మీ సంచిలో ఉన్నదానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఇన్సులిన్ వాడేవాళ్ళు ఈ పేరా నిదానంగా చదవండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. అమెరికాతో సహా చాలా దేశాల్లో మామూలుగా ఇచ్చేది 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత. మన ఎర్ర మూత సిరంజితో అక్కడి 100 యూనిట్ల సీసాలోంచి 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కొత్త సీసా కొన్న రోజే పాత సిరంజిలన్నీ పక్కన పెట్టేయండి. రెండు రకాలూ ఒకే డ్రాయరులో ఉండకూడదు.

ఇన్సులిన్‌ను చెక్-ఇన్ సామానులో పెట్టకండి. విమానంలో సామాను ఉంచే అరలోని చలికి అది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. చేతి సంచిలోనే ఉంచి, సెక్యూరిటీ దగ్గర ముందుగానే చెప్పి చీటీ చూపించండి. ద్రవాలకు ఉన్న 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి అవసరమైన మందులకు మినహాయింపు ఉంటుంది. షుగరు మీటరు కూడా చూసుకోండి. మన దగ్గర 180 అని చూపించే రీడింగు, బ్రిటన్‌లో కొన్న మీటరులో 10 అని చూపిస్తుంది. కొలమానం వేరు, 18తో భాగిస్తే సరిపోతుంది. ఇది తెలియక కంగారు పడేవాళ్ళున్నారు.

పిల్లల జ్వరం మందుల్లోనూ ఇలాంటి తేడానే ఉంది. మన పారాసెటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. అమెరికాలో పిల్లల సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 160, అంటే మిల్లీలీటరుకు 32 మాత్రమే. కాబట్టి "ఒక మిల్లీలీటరు వేసేవాళ్ళం" అన్న లెక్క అక్కడ పనిచేయదు. బిడ్డ బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో డాక్టరును అడిగి రాసుకోండి. పెద్దవాళ్ళు డోలో వేసుకుని, దానిమీద అక్కడి జలుబు మందు తాగితే రెండింట్లోనూ ఉన్నది పారాసెటమాలే కావచ్చు. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. డబ్బా వెనక చదవనిదే ఏదీ మింగకండి.

మిగతా సంచి చిన్నదైనా చాలు. జ్వరానికి, ఎలర్జీకి, ఎసిడిటీకి, వాంతులకు డాక్టరు చెప్పినవి కొన్ని, ఓఆర్ఎస్ పొట్లాలు, బ్యాండ్-ఎయిడ్‌లు, గాజుగుడ్డ, పేపర్ టేపు, బెటాడిన్ ఆయింట్‌మెంటు, క్రేప్ బ్యాండేజీ, డిజిటల్ థర్మామీటరు. కత్తెర చెక్-ఇన్‌లో వేయండి. దూది, కట్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, వాటితో పెట్టె నింపొద్దు. యాంటీబయాటిక్‌లు "ఉంటే మంచిది" అని మూటగట్టుకుని వచ్చి, మామూలు జలుబుకు రెండు రోజులు వేసుకుని మానేసేవాళ్ళను చాలామందిని చూశాను. దానివల్ల ఒరిగేదేమీ లేకపోగా హాని. రసమందులు, భస్మాలు కూడా వద్దు. వాటిలో కొన్నింట్లో సీసం, పాదరసం బయటపడ్డ సందర్భాలున్నాయి.

రోజూ వాడే మందులను కనీసం వారానికి సరిపడా చేతి సంచిలో పెట్టుకుంటే, పెట్టె ఎక్కడో ఆగిపోయినా ఇబ్బంది ఉండదు. చేరాక చాలామంది తెచ్చుకున్న స్టాకు అయిపోయేదాకా డాక్టరు మాటే ఎత్తరు. కొత్త పేషెంటుకు అపాయింట్‌మెంట్ దొరకడానికే కొన్నిచోట్ల వారాలు పడుతుంది. మన చీటీ చూపిస్తే అక్కడి మందుల షాపు సాధారణంగా మందు ఇవ్వదు. అందుకని ఇన్సూరెన్సు కార్డు చేతికి రాగానే దగ్గర్లోని డాక్టరుకు ఫోన్ చేసి, సగం మాత్రలు మిగిలి ఉండగానే మొదటి అపాయింట్‌మెంట్ పడేలా చూసుకోండి. వెళ్ళేటప్పుడు ఆ జాబితాతో పాటు ఒక్కో మందుది ఒక్కో స్ట్రిప్పు కూడా తీసుకెళ్ళండి.