రింగు కొక్కెం దాకా రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

భూకంపాన్నీ పెనుగాలినీ తట్టుకునే కాంక్రీటు భవనాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. అయితే ఇల్లు కట్టించుకుంటున్న మనిషి ఇది చదివాక రేపు సైటుకెళ్లి ఏం చూడాలో మాత్రం తెలియడం లేదు.

ముందు ఒక తప్పు దిద్దుకో. బరువైన కట్టడం రెండింటికీ నిలుస్తుందని రాశావు. గాలి తనకు ఎదురైన గోడ వైశాల్యాన్ని బట్టి నెడుతుంది. భూకంపం బరువును బట్టి ఊపుతుంది. విశాఖ, విజయవాడల్లో లెక్కకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల ఒత్తిడి. ఎత్తునూ పరిసరాలనూ బట్టి ఇది మారుతుంది. ఇటుకకు బదులు తేలిక బ్లాకులు పెడితే ఈ ఒత్తిడి రవ్వంత కూడా తగ్గదు, భూకంప బలం మాత్రం తగ్గుతుంది. గాలి, భూకంపం ఒకేసారి వస్తాయని కలిపి లెక్క కట్టరు. ఆ మాట కూడా చేర్చు.

ఇక అసలు విషయం. భూకంప బలాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం, అంటే కోడ్, ఐఎస్ 1893. దాని 2016 ప్రతిలో విజయవాడ భూకంప ప్రమాదాన్ని బట్టి మూడో జోన్, ఆ జోన్ గుణకం 0.16. అందులో సగాన్ని, పొట్టి భవనం నేల ఊపును పెంచుకునే లెక్క 2.5తో గుణించి, విరగకుండా వంగేలా కట్టిన ఫ్రేముకు, అంటే పిల్లర్లూ బీములూ కలిసిన చట్రానికి, ఇచ్చే 5తో భాగిస్తే 0.04 వస్తుంది. వెయ్యి టన్నుల సాధారణ పొట్టి భవనానికి 40 టన్నుల అడ్డబలం అన్నమాట. ఆ 5తో భాగించకపోతే 200 టన్నులు! మిగతా 160 టన్నులు ఎటు పోయాయో నీ వ్యాసం చెప్పాలి. కొంత ఫ్రేములో ఉండే అదనపు బలం మోస్తుంది. తక్కినది భవనం వంగుతూ, బీటలు వారుతూ, కూలకుండా ఓర్చుకోవాలి. గాలి లెక్కలో ఇలాంటి తగ్గింపు లేదు. అందుకే గాలి బలమే ఎక్కువని తేలినా, మూడో జోన్‌లో, భూకంపానికి రాడ్లు ఎలా కట్టాలో చెప్పే కోడ్ ఐఎస్ 13920 అడిగే రింగులు, అంటే నిలువు రాడ్లను చుట్టి పట్టే ఇనుప కట్లు, మానకూడదు. ఇంజనీర్లు కూడా పొరబడే చోటు ఇది, ఇక్కడ తొందరపడకు.

విరగకుండా వంగే గుణాన్ని 'తన్యత' అని ఒక్క మాట రాసి ముందుకెళ్లిపోయావు. ఆ గుణం ఎక్కడుంటుందో చూపించు. 300 బై 450 మిల్లీమీటర్ల పిల్లరు, 16 ఎం.ఎం. రాడ్లు అనుకో. పిల్లరు చిన్న వైపులో నాలుగో వంతు 75, రాడ్డు మందానికి ఆరింతలు 96, గరిష్ఠ హద్దు 100. వీటిలో తక్కువది 75, అంటే మూడంగుళాలకో రింగు. బీము కింద, ఫ్లోరు పైన కనీసం 450 మిల్లీమీటర్ల మేర ఇదే దూరం. పిల్లరు, బీము కలిసే జాయింటులోనూ రింగులు ఆగకూడదు. రాడ్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి సైటులో ముందుగా ఎగ్గొట్టేది అక్కడే.

రింగు కొసలు 135 డిగ్రీలు వంగి కాంక్రీటు లోపలికి దిగాలి. 8 ఎం.ఎం. రింగుకు ఆ కొస 65 మిల్లీమీటర్లు ఉండాలి. మూలమట్టంగా 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే, ఊపులో రాడ్ల పైనున్న కాంక్రీటు పొర, అదే కవరు, రాలగానే కొక్కెం విప్పుకుంటుంది. పట్టు పోయిన నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు పొడిపొడి అయిపోతుంది. కవరు రాలడం, కొక్కెం విప్పుకోవడం, రాడ్లు ఉబ్బడం, కాంక్రీటు పొడి కావడం, ఈ నాలుగు దశలూ ఇదే వరుసలో రాయి, పక్కన బొమ్మ వెయ్యి. మేస్త్రి 'రింగు' అంటాడు, నువ్వూ అదే అను.

స్టిల్టు పార్కింగ్‌కు, అంటే కింద గోడల్లేకుండా పిల్లర్ల మీదే నిలిపి బండ్లకు వదిలే అంతస్తుకు, నువ్విచ్చిన రెండు వాక్యాలు చాలవు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లు దాటి ఉన్న అహ్మదాబాద్‌లోనూ కింద గోడల్లేని అపార్టుమెంట్లు కూలాయి. పై అంతస్తులు గోడలతో బిగిసి ఒక్క ముద్దగా కదులుతాయి, వంపంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. మన ఊళ్లలో ఆ పిల్లరు తొమ్మిదంగుళాలే ఉండటం నన్ను బాధపెడుతుంది. ఐఎస్ 13920 2016 ప్రతి 300 మిల్లీమీటర్లకు తగ్గొద్దంటోంది. కింది అంతస్తులో రెండు దిశల్లోనూ కాంక్రీటు గోడలు కావాలని స్పష్టంగా రాయి.

ప్రతి అంకె పక్కన కోడ్ సంవత్సరం వెయ్యి, కోడ్‌లు మారుతుంటాయి. పంపే ముందు రింగుల పేరా ఒక రాడ్ బెండింగ్ మేస్త్రికి చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపి అడిగితే అక్కడ తిరగరాసి, బొమ్మతో సహా నాకు పంపు.