పక్కింటి డాబా వైపు తిరిగే కెమెరా: తీసేయాలా, ఉంచుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరులో మెయిన్ రోడ్డు మీద మాకు మూడంతస్తుల కమర్షియల్ బిల్డింగ్ ఉంది. కింద బట్టల షాపు, మొబైల్ షాపు, పైన కోచింగ్ సెంటర్ అద్దెకున్నాయి. వెనక సందులో పిల్లలు పెట్టుకునే బైకులు వరసగా పోతుంటే టెర్రస్ మూలన అన్ని వైపులకీ తిరిగే పీటీజెడ్ కెమెరా ఒకటి బిగించాం. షాపులో మానిటర్ మీద మేము, హైదరాబాద్ నుంచి ఫోన్‌లో మా అబ్బాయి చూస్తుంటాం. సందులో ఉండే ఇంటివాళ్లు "మీ కెమెరా మా డాబా మీదికి, బాత్‌రూం కిటికీ వైపుకి తిరుగుతోంది. 15 రోజుల్లో తీసేయకపోతే కోర్టుకెళ్తాం, పోలీసు కంప్లయింట్ ఇస్తాం" అని లాయర్ నోటీసు పంపారు. మా బిల్డింగ్ మీద మేం కెమెరా పెట్టుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి? నిజంగా తీసేయాల్సిందేనా? పోలీసులు అడిగితే ఫుటేజీ ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసేయాల్సిన పని లేదు. కానీ ఇప్పుడున్నట్టే ఉంచితే మీకు ఇబ్బంది తప్పదు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట కెమెరా గురించి కాదు, "హైదరాబాద్ నుంచి ఫోన్‌లో మా అబ్బాయి" అన్న మాట. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పర్మిషన్ విషయం చూద్దాం.

సొంత బిల్డింగ్ గోడకో, టెర్రస్‌కో కెమెరా బిగించుకోవడానికి మున్సిపాలిటీ దగ్గరికో పోలీస్ స్టేషన్‌కో వెళ్లి అనుమతి తెచ్చుకోవాలని చట్టం చెప్పదు. ఫుట్‌పాత్ మీద స్తంభం పాతినా, కరెంటు స్తంభానికి కట్టినా అది వేరే కథ, అది మీ స్థలం కాదు. అసలు మీలాంటి వాళ్లు కెమెరాలు పెట్టాలనే మన దగ్గర చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ అది కొనసాగుతోంది. జనం పెద్ద సంఖ్యలో గుమిగూడే దుకాణాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల్లాంటి చోట్ల సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీ 30 రోజులు దాచి, ఆ ఏరియా ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. కోచింగ్ సెంటర్‌కి బ్యాచ్‌కి ఎంతమంది పిల్లలు వస్తారో మీకు తెలుసు. ఆ లెక్కన మీరు కెమెరా పెట్టడం తప్పు కాకపోగా, చాలావరకు మీ బాధ్యతే. నోటీసుకి జవాబు రాసేటప్పుడు మొదట నిలబడాల్సింది ఈ చట్టం మీదే.

అయితే గుమ్మాన్నీ మెట్లనీ పార్కింగ్‌నీ చూడమన్న చట్టం పక్కింటి బాత్‌రూం కిటికీని చూడమనలేదు. మీ తగాదా అంతా ఇక్కడే ఉంది. గోడకి కదలకుండా బిగించిన కెమెరా ఎటు చూస్తుందో కింద నుంచి చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. పీటీజెడ్ అలా కాదు. చుట్టూ తిరుగుతుంది, కిందికీ పైకీ వంగుతుంది, 25 రెట్ల జూమ్ ఉన్నవి మార్కెట్లో మామూలుగానే దొరుకుతాయి. సందు చివర బైకు నంబరు ప్లేటు చదవగలిగినప్పుడు కిటికీ ఊచల వెనక మనిషిని చూడటం దానికి లెక్క కాదు. అది గుండ్రటి గ్లాసు లోపల ఉంటే ఈ క్షణాన ఎటు చూస్తోందో బయటివాళ్లకి తెలియను కూడా తెలియదు. డాబా మీద బట్టలు ఆరేసుకునే ఆవిడకి రోజంతా టెన్షనే. ఆ ఇంటివాళ్ల భయం కల్పితం కాదు. దయచేసి దాన్ని కావాలని పెట్టుకున్న గొడవగా చూడకండి.

వాళ్ల చేతిలో చట్టం కూడా ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. అంతకు చాలా ముందే, 1882 నాటి ఈజ్‌మెంట్ల (పొరుగు ఆస్తి మీద ఉండే హక్కుల) చట్టం 18వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఇదే రకం తగాదా ఉంది. పొరుగింటి గోప్యతకి భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఉన్న ఊళ్లో, అలా తెరిచినవాడి మీద పొరుగువాడికి హక్కు ఉంటుందని. ఆచారం ఉందని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే, అది తేలిక కాదు. అయినా పొరుగింటి ఆడవాళ్ల మరుగుకి విలువివ్వడం మన కోర్టులకి కొత్త కాదని చెప్పడానికే ఈ మాట.

వాళ్ల లాయరు 2025 నాటి కలకత్తా హైకోర్టు తీర్పు చూపించవచ్చు. ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరిలో ఒకరు, రెండోవారి సమ్మతి లేకుండా నివాస భాగం లోపల కెమెరాలు పెట్టడం గోప్యతకి భంగమని అందులో చెప్పారు. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. కానీ అది ఇంటి లోపలి కెమెరాల సంగతి. మీది బిల్డింగ్ బయటి కెమెరా, అందునా దొంగతనాలు జరిగిన చోట పెట్టింది. ఆ తీర్పు చూపించి మీ కెమెరా మొత్తం పీకించడం కష్టం. కిటికీ వైపు తిరగకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) తెచ్చుకోవడం మాత్రం కష్టమేమీ కాదు.

ఇలాంటి దావాల్లో కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ని, అంటే స్వయంగా చూసి రిపోర్టు ఇమ్మని ఒక లాయరుని, వేయొచ్చు. ఆయన మీ షాపుకి వచ్చి మానిటర్ ముందు కూర్చుంటారు. కెమెరాని ఒక్కో వైపుకి తిప్పించి, జూమ్ చేయించి, ఏం కనిపిస్తోందో రాసుకుంటారు, ఫొటోలు తీయిస్తారు. "మేం అటు ఎప్పుడూ తిప్పలేదండీ" అన్న మాట అప్పుడు పనికిరాదు. తిప్పగలరా లేదా అన్నదే రిపోర్టులోకి ఎక్కుతుంది.

కాబట్టి ఆయన రాకముందే మీరు చేయాల్సింది చేయండి. కెమెరా బిగించిన టెక్నీషియన్‌ని పిలిపించి సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ పెట్టించండి. ఆ కిటికీ మీద, డాబా మీద నల్లటి పెట్టె గీస్తే కెమెరా ఎటు తిరిగినా, ఎంత జూమ్ చేసినా ఆ పెట్టె ఆ చోటునే అంటిపెట్టుకుని ఉంటుంది. లైవ్‌లోనూ కనిపించదు, రికార్డులోనూ పడదు. దాంతోపాటు తిరిగే హద్దు కూడా సందు వరకే ఉండేలా లిమిట్ పెట్టించండి. ఆటో ట్రాకింగ్ ఉంటే ఆపేయండి, లేకపోతే సందులో నడిచే మనిషి వెంటపడి వాళ్ల గేటు లోపలికీ వెళ్తుంది. మైక్ ఉంటే అదీ ఆపండి. బైకు దొంగని పట్టుకోవడానికి పక్కింటి మాటలు అక్కర్లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి ఫోన్ సంగతి. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఎవరూ చూడరన్న నమ్మకంతో స్నానం లాంటి ఏకాంత పనిలో ఉన్న స్త్రీని చూడటమే నేరం. రికార్డు చేయకపోయినా, ఎవరికీ పంపకపోయినా నేరమే. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, జరిమానా. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కెమెరాలో పడటం దీని కిందికి రాదు, బాత్‌రూం కిటికీ వస్తుంది. ఒంటిపై మరుగు భాగాల ఫొటో తీసినా పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల వరకు జైలో, రెండు లక్షల వరకు జరిమానానో, రెండూనో పడొచ్చు. మీ అబ్బాయికి అలాంటి ఉద్దేశం లేదని నమ్ముతున్నాను. కానీ కంప్లయింట్ వచ్చిన రోజు పోలీసులు అడిగేది ఆ టైములో యాప్‌లో ఎవరు లాగిన్ అయ్యారనే. ఒకే పాస్‌వర్డ్ మీ ఇంట్లో ముగ్గురికి, షాపు కుర్రాడికి, బిగించిన టెక్నీషియన్‌కి తెలిసి ఉంటే ఎవరో తిప్పినదానికి మీ అబ్బాయి జవాబు చెప్పుకోవాలి. ఈ రోజే పాస్‌వర్డ్ మార్చండి. కెమెరాని తిప్పే అధికారం ఒక్కరి లాగిన్‌కే ఉంచి, మిగతావాళ్లకి చూడటం వరకే ఇవ్వండి. అబ్బాయికి కూడా అంతే.

కోచింగ్ సెంటర్‌కి ఆడపిల్లలు వస్తారు కాబట్టి ఇంకో మాట. మెట్లు, వరండా, పార్కింగ్ మీరు చూసుకోవచ్చు. అద్దెకిచ్చిన గదుల లోపలికి, టాయిలెట్ తలుపు ఎదుటికి కెమెరా పోకూడదు. గుమ్మం దగ్గర సీసీ కెమెరాలు ఉన్నాయని బోర్డు పెట్టండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వ్యాపారాల మీద పెట్టిన ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. అప్పుడు హడావుడి పడేకన్నా ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది.

పోలీసులు అడిగితే ఫుటేజీ ఇవ్వాల్సిందే, కానీ రాతపూర్వకంగా అడగమనండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద వాళ్లు నోటీసు ఇవ్వొచ్చు. కోర్టులో ఆ క్లిప్ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అందులో హ్యాష్ విలువ (ఫైలు మార్చలేదని చూపించే, వేలిముద్ర లాంటి కోడ్) కావాలి. వాట్సాప్‌లో పంపిన ముక్కని నమ్ముకుని ఒరిజినల్ చెరిపేయకండి. అనుమానితుడి ఫొటోని "వీడే దొంగ" అని గ్రూపుల్లో అస్సలు పెట్టకండి. వాడు కాదని తేలితే పరువునష్టం కేసు మీ మీదికి వస్తుంది.

ఇంకొకటి, పీటీజెడ్ అటు చూస్తున్నప్పుడు ఇటు జరిగింది రికార్డు కాదు. గుమ్మానికి, బైకుల స్టాండుకి కదలని కెమెరాలు చెరొకటి పెట్టించండి. అవి ఉంటే పీటీజెడ్‌ని అంతగా తిప్పాల్సిన అవసరమే రాదు. కొత్తవి కొనేటప్పుడు 2025 ఏప్రిల్ నుంచి అమలైన ప్రభుత్వ భద్రతా ప్రమాణాల ప్రకారం పరీక్షించినవో కాదో అడిగి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి.

ఇక నోటీసు. గడువు దాటనివ్వకండి. మాస్క్ పెట్టాక మానిటర్ ఫొటో తీసి, దాన్ని జత చేసి లాయర్ చేత జవాబు పంపండి. దొంగతనాల గురించి స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ, ప్రజా భద్రత చట్టం, మాస్క్ పెట్టిన తేదీ, ఇంటివాళ్లు వచ్చి మానిటర్ చూసుకోవచ్చన్న ఆహ్వానం, ఇవన్నీ అందులో ఉండాలి. వాళ్లింటి పెద్దావిడని కూడా పిలవండి, భయపడుతున్నది వాళ్లే కదా. అయినా దావా వేస్తారనిపిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద కేవియట్ అనే ముందస్తు అర్జీ వేసి, దాని నోటీసు వాళ్లకి రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో పంపండి. కేవియట్ 90 రోజులు చెల్లుతుంది. ఆలోపు మీకు చెప్పకుండా, మీ మాట వినకుండా తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వడం జరగదు.