అన్నయ్య కొట్టిన దెబ్బకు శిబిరంలో మందు లేదు

సైనికులకు నేర్పే పద్ధతిలో సాగే 10 రోజుల నిరాయుధ పోరాట శిక్షణకు 40 ఏళ్ల వయసులో చేరుతున్నానని, భార్య భయపడి వద్దంటోందని, ఆమెను ఎలా ఒప్పించాలో చెప్పమని రాశారు. ఆమె భయం సబబైనదే. మెడ మీద పట్టు సరిగా పడితే మెదడుకు రక్తం అందక 10 సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు. డాక్టరు చేత పరీక్ష చేయించుకోండి, పాత మోకాలి దెబ్బను శిక్షకుడి దగ్గర దాచకండి, పట్టు బిగియగానే చేత్తో తట్టి వదలమని సైగ చేయడానికి నామోషీ పడకండి. మీరడిగినదానికి ఈ జవాబు చాలు.

నన్ను కలవరపెట్టింది ఉత్తరం చివర మీరు ఇరికించిన వాక్యం. ఆస్తి పంపకాల దగ్గర మాట పెరిగి మీ అన్నయ్య తన పిల్లల ముందే మీ చెంప మీద కొట్టారు. మీరు తల వంచుకుని వచ్చేసి, మూడు వారాలకు శిక్షణకు డబ్బు కట్టారు. ఈ రెండింటికీ సంబంధం లేదంటున్నారు. నేను నమ్మను.

షాంఘై పోలీసు శాఖలో పనిచేసి వచ్చిన ఫెయిర్‌బెయిర్న్ 1940లో బ్రిటిష్ కమాండోలకు నేర్పినదైనా, ఇమీ లిఖ్టెన్‌ఫెల్డ్ ఇజ్రాయెల్ సైన్యం కోసం తీర్చిదిద్దిన క్రావ్ మగా అయినా, ముక్కూ మొహం తెలియని శత్రువు మీదపడితే ప్రాణం దక్కించుకోవడానికి ఏర్పడిన విద్యలు. అందుకే ఊపిరి అందనంతగా అలిసిపోయాక నలుగురిని మీదికి పంపి సాధన చేయిస్తారు. భయంలో వేళ్లు మాట వినవు గనుక మొరటు కదలికలే నేర్పుతారు. ఆ శత్రువుతో మర్నాడు మాట్లాడవలసిన అవసరం ఉండదు. మీ అన్నయ్యతో మీకు జీవితాంతం ఉంటుంది.

తండ్రి తర్వాత తండ్రంతటివాడు అన్న అనే మర్యాదను నేనూ పాటించేదాన్నే. ఎదిగిన తమ్ముడి మీద చేయి చేసుకునే హక్కును ఆ మర్యాద ఏ అన్నకూ ఇవ్వదు. ఊరుకుంటే అది మీ ఇద్దరి మధ్య అలవాటుగా స్థిరపడుతుంది. శిబిరానికి బయలుదేరకముందే ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, “అన్నయ్యా, పిల్లల ముందు నువ్వు నన్ను కొట్టడం తప్పు, ఇంకోసారి ఒప్పుకోను” అని చెప్పండి. ఆస్తి ఊసు ఆ రోజు ఎత్తవద్దు. ఆయన క్షమాపణ చెప్పకపోయినా లేచి రండి, మీరు అనవలసింది అనేశారు.

అప్పటికీ శిక్షణ మీద మనసుంటే వెళ్లండి, నాకు అభ్యంతరం లేదు. భార్యను ఒప్పించే వాదనలు మాత్రం వెతకకండి. ఆ రోజు ఏం జరిగిందని ఆమె రెండుసార్లు అడిగితే మాట దాటేశానని మీరే రాశారు. ఈ రాత్రి ఆమె అడగకముందే చెప్పండి.