లొల్లి మీద పీహెచ్‌డీ ఏమిటి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్స్‌లో బి.టెక్. చివరి సంవత్సరం చదువుతున్నాను. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో, అందులోనూ నాయిస్ మీద పరిశోధన చేసి అధ్యాపకురాలిని కావాలని నా కోరిక. "ఇంత చదివి లొల్లి మీద పీహెచ్‌డీ చేస్తవా బిడ్డా?" అని మా అమ్మ అడిగితే ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఈ దారి ఎలా ఉంటుంది? ఎన్నేళ్లు పడుతుంది? చేతికొచ్చిన ఉద్యోగం వదులుకొని వెళ్లదగినదేనా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ అమ్మగారి మాట సరైనదే. నాయిస్ అంటే లొల్లే. అయితే అది చెవికి వినపడేదే కానక్కరలేదు. బ్యాటరీకి గాని, మరే తీగెకు గాని కలపకుండా బల్ల మీద ఊరికే పడి ఉన్న, కరెంటును అడ్డుకొనే చిన్న భాగమైన రెసిస్టర్‌లో కూడా వేడిమి వల్ల ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలికకు దాని రెండు కొసల మధ్య అతి చిన్న వోల్టేజి పుట్టి, క్షణక్షణం మారుతూ ఉంటుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ దీన్ని కొలిచాడు. నైక్విస్ట్ దానికి కారణం చెప్పాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వచ్చాయి. వెయ్యి ఓముల రెసిస్టర్‌ను గది వేడిమిలో ఉంచి పది వేల హెర్ట్జ్‌ల (సెకనుకు పది వేల అలల) పౌనఃపున్య వెడల్పులో కొలిస్తే ఆ లొల్లి సుమారు 0.4 మైక్రోవోల్టు (మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు) ఉంటుంది. పరికరం ఎంత ఖరీదైనదైనా ఇది పోదు, ఎందుకంటే ఇది తయారీలో జరిగిన లోపం కాదు, పదార్థానికి ఉన్న గుణం. పోనిదాన్ని పక్కన పెట్టుకొనే పని జరుపుకోవాలి కనుకనే దీనికొక శాస్త్రం అవసరమైంది.

మీ అమ్మగారికి మాత్రం ఇది చెప్పకండి. కాజీపేట జంక్షన్‌లో నిలబడి ఆమెతో ఫోన్ మాట్లాడుతున్నప్పుడు పక్కనుంచి గూడ్సు బండి వెళ్తున్నా మీ మాట ఆమెకు ఎలా వినపడుతున్నదో చెప్పండి. చాలా ఫోన్లలో నోటి దగ్గర ఒక మైకు, దానికి దూరంగా ఇంకొక మైకు ఉంటాయి. రెండోదానికి మీ మాట తక్కువగా, బండి చప్పుడు ఎక్కువగా అందుతుంది. ఆ చప్పుడును ఆధారంగా తీసుకొని, మొదటి మైకులో కలిసిన చప్పుడు ఎంతో అంచనా కట్టి తీసివేస్తారు; చప్పుడు మారినకొద్దీ ఆ అంచనా కూడా తనను తాను దిద్దుకుంటూ పోతుంది. ఈ ఆలోచనను అమెరికా ఇంజినీరు విడ్రో, ఆయన సహచరులు 1975లో వివరంగా రాశారు. తల్లి గుండె చప్పుడు కింద మరుగునపడిన గర్భస్థ శిశువు గుండె సంకేతాన్ని విడదీయడం కూడా ఆ పత్రంలోని ఉదాహరణల్లో ఒకటి. మీ అమ్మగారికి ఈ ఒక్క సంగతి చెప్పినా చాలునని నా నమ్మకం.

ఇక దారి ఎలా ఉంటుందన్నది. నేను వరంగల్‌లో చదువుకున్న రోజుల్లో ఇప్పటి ఎన్‌ఐటీ ఇంకా రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగానే ఉండేది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయింది. ఎం.టెక్. ప్రాజెక్టుగా నేను ఇ.సి.జి. సంకేతాన్ని శుభ్రం చేసే పని తీసుకున్నాను. గుండె గీత మీద సన్నని అలలు కనబడుతుంటే వాటిని పోగొట్టడానికి పక్కపక్క విలువల సగటు తీసే ఫిల్టరు రాశాను. అలలు పోయాయి, వాటితోపాటు గుండె గీతలో నిటారుగా లేవవలసిన మొన కూడా మొద్దుబారిపోయింది. రెండు వారాలు ఆ ఫిల్టరుతోనే కుస్తీ పట్టాను. ఒకనాడు మా గైడు ఆ కాగితపు పట్టీని భూతద్దం కింద పెట్టి, "ఒక చిన్న గడిలో ఎన్ని అలలున్నాయో లెక్కపెట్టు" అన్నారు. రెండున్నాయి. ఆ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, చిన్న గడి ఒక మిల్లీమీటరు. అంటే సెకనుకు 50 అలలు, మన కరెంటు సరఫరా పౌనఃపున్యం. చూడగా కుడి కాలి ఎలక్ట్రోడు కింద జెల్లు ఎండిపోయి ఉంది. తుడిచి, కొత్త జెల్లు రాసి పెట్టేసరికి అలలు దాదాపు కనబడకుండా పోయాయి. నేను రాసిన ఫిల్టరు అక్కరే లేకపోయింది. లొల్లి ఎక్కడిదో కనుక్కోకుండా దాన్ని పోగొట్టే పనికి దిగకూడదని ఆనాడు తెలిసింది. ఆ తర్వాత నేను చేసిన పరిశోధనంతా దాని మీదే నడిచింది.

పీహెచ్‌డీలో ఇదే పాఠం ఇంకా కఠినంగా మళ్లీ ఎదురైంది. నా మొదటి పత్రం తిరిగి వచ్చింది. నాయిస్ విలువలు నడుమ ఎక్కువగా, దూరం పోయినకొద్దీ తక్కువగా, గీస్తే గంట ఆకారంలో, అంటే గాసియన్‌గా ఉంటుందని పుస్తకంలో ఉన్నట్టు అనుకొని లెక్కలన్నీ కట్టాను. నిజంగా కొలిచి చూశారా అని సమీక్షకుడు ఒకే ఒక వాక్యంలో అడిగాడు. చూడలేదు. ఊళ్లో వ్యవసాయ మోటారు స్టార్టరు దగ్గర రికార్డు చేస్తే, స్విచ్చు పడినప్పుడల్లా సూదుల్లాంటి పెద్ద దెబ్బలు వచ్చాయి. 10, 11, 10, 9, 60 అనే అయిదు విలువలు తీసుకోండి: సగటు 20, వరుసలో పెట్టి చూస్తే మధ్య విలువ 10. ఒక్క దెబ్బ సగటును రెట్టింపు చేసింది, మధ్య విలువను కదిలించలేకపోయింది. ఆ తేడాను సరిగ్గా రాసుకొని పత్రాన్ని మళ్లీ పంపడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఇటువంటి నెలలు మీకూ వస్తాయి. వాటిని వృథా కింద లెక్కవేసుకోకండి.

కాలం, ఖర్చు సంగతి. ఎం.టెక్. ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎం.టెక్. రెండేళ్లు, పీహెచ్‌డీ సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్లు. గేట్‌తో ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు, పీహెచ్‌డీలో 2023 జనవరి నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదట 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్ ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలో అధ్యాపకులుగా చేరడానికి ఎం.టెక్. కనీస అర్హత, ఎన్‌ఐటీల వంటి చోట్ల మాత్రం పీహెచ్‌డీ తప్పనిసరి. ఇంటి మీద అప్పు ఉంటే ముందు రెండేళ్లు ఉద్యోగం చేయడంలో తప్పేమీ లేదు; ఆ రెండేళ్లూ ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా మరువకుండా ఉంటే చాలు. చివరగా, అంశాన్ని చూసి కాక గైడును చూసి చేరండి. విద్యార్థి కొలతలను తన కళ్లతో చూసే గైడు దొరికితే అంశం కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు.

ప్రశ్న: సి.ఆర్. రావు గారు గణాంక శాస్త్రవేత్త కదా. నాయిస్ మీద పనిచేసే ఇంజినీర్లు ఆయన పేరు ఎందుకు తలుస్తారు?
– ఒక గణిత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మా చేతులు ఎక్కడ ఆగాలో చెప్పినవారు ఆయనే కనుక. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన మన తెలుగువాడు, పాతికేళ్లు నిండీ నిండని వయసులో, 1945లో ఒక ఫలితం ప్రకటించారు. లొల్లి కలిసిన కొలతల నుంచి ఒక విలువను పక్షపాతం లేకుండా అంచనా కట్టాలంటే, ఎంత తెలివైన పద్ధతి వాడినా ఆ అంచనాల చెదురు (వేరియన్స్) ఒక హద్దు కంటే తగ్గదని దాని సారాంశం. స్వీడన్‌కు చెందిన క్రామేర్ విడిగా ఇదే ఫలితానికి వచ్చినందున ఇద్దరి పేర్లతో క్రామేర్–రావు హద్దు అంటారు. రాడార్ దూరం కొలిచినా, ఫోన్ సంకేతం వచ్చిన దిక్కు కనుక్కున్నా, కొత్త పద్ధతి ఎవరు తెచ్చినా ఈ హద్దుకు ఎంత దగ్గరగా వచ్చిందని అడగడం మాకు అలవాటు.

పై జవాబులోని సగటు, మధ్య విలువల సంగతి ఇక్కడ పూర్తి చేయాలి. నాయిస్ నిజంగా గాసియన్ అయితే సగటు ఆ హద్దును సరిగ్గా తాకుతుంది. కొలతలు చాలినన్ని ఉన్నప్పుడు మధ్య విలువ చెదురు దానికంటే సుమారు 57 శాతం ఎక్కువ. కనుక మధ్య విలువ ఎల్లవేళలా మేలని నేను అనడం లేదు. రావు గారికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది; ఆ ఏడాది ఆగస్టులోనే, 102 ఏళ్ల వయసులో వారు కన్నుమూశారు.

ప్రశ్న: ఇప్పుడు కృత్రిమ మేధే చప్పుడు తీసేస్తున్నది. మా అబ్బాయి పీహెచ్‌డీ పూర్తయ్యేనాటికి ఈ విద్యకు విలువ ఉంటుందా?
– ఒక తండ్రి, భూపాలపల్లి

జవాబు: ఉంటుంది. శుభ్రమైన మాట, లొల్లి కలిసిన మాట, రెండూ జతలుగా దొరికిన చోట, ఉదాహరణలు చూసి నేర్చుకొనే ప్రోగ్రాము అయిన న్యూరల్ నెట్‌వర్కు బాగా నేర్చుకుంటుంది. మీ ఊరి బొగ్గు గనిలో కన్వేయర్ బేరింగు అరుగుతున్నదో లేదో దాని అదురు నుంచి కనిపెట్టాలంటే, శుభ్రమైన అదురు ఎలా ఉంటుందో ముందు తెచ్చి ఇచ్చేవారు ఉండరు. అక్కడ ఏ చప్పుడు ఏ యంత్రానిదో ఎరిగిన మనిషి కావాలి. పైగా మాటలు చెబితే బొమ్మలు గీసే నేటి యంత్రాలలో చాలావాటికి, బొమ్మకు గాసియన్ నాయిస్ మెల్లమెల్లగా కలిపి, దాన్ని వెనక్కి తీయడమే శిక్షణ.

ఇంకొకటి. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు తమ యాంటెన్నాలో ఏ దిక్కుకు తిప్పినా తగ్గని ఒక లొల్లిని గమనించారు. పావురాల రెట్ట కూడా కడిగి చూశారు. అది పోలేదు. సుమారు 3 కెల్విన్ల వేడిమికి సమానమైన ఆ మిగులు, విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వికిరణమని తేలి, 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని చెత్తగా తీసివేసే యంత్రం అప్పుడు వారి దగ్గర ఉండి ఉంటే ఆ సంగతి ఆనాడు బయటపడేది కాదు. మీ అబ్బాయిని ఈ సెమిస్టరులో, ఎటు మారుతాయో ముందే చెప్పలేని సంకేతాల లెక్కలు నేర్పే ర్యాండమ్ ప్రాసెసెస్ కోర్సు తీసుకోమనండి; దాంతోపాటు ల్యాబులో వారానికి ఒక రోజు, ఫిల్టరు ఏదీ పెట్టకుండా, వోల్టేజిని తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోపు గీతను ఊరికే చూస్తూ కూర్చోమనండి.