ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లే కదా, నల్లాలో ఒక్కోసారి వాసన ఎందుకు?

హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు అక్కంపల్లి నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. ప్లాంటులో పటిక కలిపి మడ్డి తేర్చి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ వేస్తారు. అక్కడిదాకా పెద్దగా పేచీ ఉండదు. పేచీ అంతా గల్లీ పైపులోనే. చాలా బస్తీలకు రోజు విడిచి రోజు సరఫరా. నీళ్లు ఆపినప్పుడు లైన్లో పీడనం పడిపోయి, పగుళ్ల గుండా పక్కనున్న డ్రైనేజీ నీళ్లు పైపులోకి చేరతాయి. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్పు ఇంకా ఎక్కువ (వద్దన్నా చాలామంది చేసేది అదే). అందుకే మొదటి ధార వదిలేసి, తేటపడ్డాకే సంపులోకి పట్టండి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. క్లోరోస్కోపులో (క్లోరిన్ చూసే చిన్న కిట్టు) మందుచుక్క వేసినా నీళ్లు పసుపుపచ్చగా మారకపోతే మిగల్లేదన్నమాట. వాసనొస్తే మరిగించడంతో సరిపెట్టకండి. తాగడం ఆపి, జలమండలికి (నగర నీటి బోర్డుకు) ఫిర్యాదు చేయండి.