మీ ప్రశ్నలు: హెచ్‌డీఎంఐనా, డిస్‌ప్లేపోర్టా?

ప్రశ్న: కొత్త 4కె మానిటర్ వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రెండూ ఉన్నాయి. హెచ్‌డీఎంఐ టీవీలకే, కంప్యూటర్‌కి డిస్‌ప్లేపోర్టే పెట్టాలని మా తమ్ముడి వాదన. రెండూ డిజిటలే, ఏది పెట్టినా బొమ్మ ఒకటే అని నా వాదన. రెండు రోజుల నుంచి ఇంట్లో ఇదే గొడవ. తీర్పు మీరే చెప్పాలి.

జవాబు: ఇద్దరికీ సగం సగం మార్కులు. బొమ్మ నాణ్యత విషయంలో మీరన్నదే నిజం. ఒకే రిజల్యూషన్, ఒకే రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది, దీన్ని హెర్ట్జ్‌లలో చెప్తారు), అవే రంగుల సెట్టింగులు ఉంటే ఏ తీగలోంచి వచ్చినా అవే సున్నాలు, అవే ఒకట్లు. అసలు తేడా అవన్నీ ఆ తీగలో పడతాయా లేదా అన్నదే.

ఓసారి లెక్క వేద్దాం. 4కె తెరమీద 3840 ఇంటూ 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. మొత్తం సెకనుకు సుమారు 12 గిగాబిట్లు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 మొత్తం సామర్థ్యం 10.2 గిగాబిట్లు, అందులోనూ బిట్లను సిగ్నల్‌గా మార్చే పద్ధతికే ఖర్చయ్యేది పోగా బొమ్మకు మిగిలేది 8 చిల్లర. అందుకే పాత లాప్‌టాప్‌లను హెచ్‌డీఎంఐతో 4కె మానిటర్‌కి తగిలిస్తే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. మౌస్ కదిపి చూడండి, బాణం గుర్తు జారినట్టు కాకుండా గెంతుతూ పోతుంది, విండోను పట్టుకుని లాగితే చేతికంటే వెనకపడి వస్తుంది. చాలామంది అది చూసి మానిటర్ పాడైందనుకుంటారు. అదే 2010 నాటి డిస్‌ప్లేపోర్ట్ 1.2కి అప్పటికే 21.6 గిగాబిట్లు ఉన్నాయి, 4కె 60 హెర్ట్జ్ హాయిగా పడుతుంది. హెచ్‌డీఎంఐ 2013లో 2.0 వచ్చాక గానీ (18 గిగాబిట్లు) ఆ లోటు తీరలేదు. మీ తమ్ముడి నమ్మకం ఆ మధ్య కాలంలో పుట్టిందే అయ్యుంటుంది, అప్పటికి అది సరైందే.

తర్వాత కథ అటూ ఇటూ ఊగింది. 2017లో హెచ్‌డీఎంఐ 2.1 ఏకంగా 48 గిగాబిట్లకి ఎగిరి, 32.4 దగ్గరున్న డిస్‌ప్లేపోర్ట్ 1.4ని దాటేసింది. 2019లో డిస్‌ప్లేపోర్ట్ 2.0 అంటూ వాళ్లు 80కి వెళ్లారు, 2025లో హెచ్‌డీఎంఐ 2.2 పేరుతో వీళ్లు 96 అన్నారు. కాబట్టి 'ఏది గొప్ప' అని అడిగితే 'ఏ ఏడాదిది' అని ఎదురు అడగాల్సిందే. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దే అయితే, కంప్యూటర్ మరీ పాతది కాకపోతే, ఏది చేతికందితే అది పెట్టేసి ఆ గొడవ ఆపండి.

144 హెర్ట్జ్‌దైతే మాత్రం కాస్త జాగ్రత్త పడాలి. హెచ్‌డీఎంఐ 2.1లోని చాలా సదుపాయాలు తప్పనిసరి కావు, పైగా 2.0 అనే పేరు విడిగా వాడొద్దన్నారు. అంటే లోపల పాత 2.0 స్థాయి సరుకే ఉన్నా అట్టపెట్టె మీద 2.1 అని వేసుకోవచ్చు, అది మోసం కిందకు రాదు! ఇలాంటి నిబంధన రాసినవాళ్లకు కొనేవాడి బాధ పట్టినట్టు లేదు. వెర్షన్ నంబర్ పక్కన పెట్టి, ఎన్ని గిగాబిట్లు, 4కెలో ఎన్ని హెర్ట్జ్ ఇస్తుంది అన్నదే చూడండి.

అసలు రెండు రకాలు ఎందుకంటే, పుట్టిళ్లు వేరు. హెచ్‌డీఎంఐని 2002లో తెచ్చింది సోనీ, ఫిలిప్స్, తోషిబా, హిటాచి లాంటి కంపెనీలు, ప్రధానంగా టీవీల కోసం. అందుకే ఒకే రిమోట్‌తో అన్నీ నడపడం, టీవీ శబ్దాన్ని అదే తీగలో వెనక్కి సౌండ్‌బార్‌కి పంపడం లాంటి సుఖాలు దానికున్నాయి. డిస్‌ప్లేపోర్ట్‌ని 2006లో తెచ్చింది వెసా అనే ప్రమాణాల సంస్థ, అది కంప్యూటర్ తెరల వాళ్ల సంఘం. అందుకే ఒక మానిటర్‌లోంచి ఇంకో మానిటర్‌కి గొలుసులా తగిలించడం దానికే వచ్చు (యాపిల్ కంప్యూటర్లను నడిపే మ్యాక్‌ఓఎస్‌లో ఇలా గొలుసు కట్టినా రెండు తెరలమీదా ఒకే బొమ్మ వస్తుంది, ముందే చెప్తున్నా). హెచ్‌డీఎంఐ వాడుకునే కంపెనీలు రాయల్టీ కట్టాలి. లినక్స్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పూర్తిగా పనిచేసేలా ఓపెన్ సోర్స్ డ్రైవర్ (అందరూ చూడగలిగే కోడ్‌తో) ఇస్తామని చిప్పుల కంపెనీ ఏఎండీ అడిగితే, 2024లో హెచ్‌డీఎంఐ నిబంధనలు రాసే హెచ్‌డీఎంఐ ఫోరం కుదరదంది. నా ఓటు డిస్‌ప్లేపోర్ట్‌కి పడేది ఇందుకే, బొమ్మ కోసం కాదు.

అలాగని డిస్‌ప్లేపోర్ట్ బుద్ధిమంతురాలని అనను. దాంట్లో 20 పిన్నులుంటాయి, 20వది కరెంటుది, మామూలు కేబుల్‌లో ఆ పిన్ను రెండు చివర్లకీ కలిపి ఉండకూడదు. నేను కొన్న ఒక నాసిరకం కేబుల్‌లో కలిపేశారు. కంప్యూటర్ ఆపేసినా మానిటర్ నుంచి కరెంటు వెనక్కి పారి లోపల చిన్న లైటు వెలుగుతూనే ఉండేది, పొద్దున బటన్ నొక్కితే ఫ్యాన్ ఓ చుట్టు తిరిగి ఆగిపోయేది. పవర్ సప్లై మార్చాను, ర్యామ్ తీసి పెట్టాను, వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి కేబుల్ పీకితే చక్కగా ఆన్ అయింది.

ప్రశ్న: ఫోన్ చార్జింగ్ కేబుల్ యూఎస్‌బీ-సీయే, మానిటర్‌కీ యూఎస్‌బీ-సీ పోర్టే ఉంది. రెండు వైపులా సరిగ్గా పట్టింది కానీ లాప్‌టాప్ నుంచి బొమ్మ రాదు. ఎందుకు?

జవాబు: పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. యూఎస్‌బీ-సీ అనేది 2014లో వచ్చిన ఒక ఆకారం పేరు మాత్రమే. 24 పిన్నులకు చోటుంది, కానీ అన్నిటికీ తీగలు ఉండాలని లేదు. చార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలు, యూఎస్‌బీ 2.0 తీగలు తప్ప ఇంకేం ఉండవు. అంటే సెకనుకు 480 మెగాబిట్లు, 2000 సంవత్సరం నాటి వేగం. ఐఫోన్ 15 పోర్టు కూడా ఆకారంలో కొత్తది, వేగంలో ఆ 480యే. బొమ్మ పోవాలంటే వేగం తీగలున్న కేబుల్ కావాలి, లాప్‌టాప్ పోర్టుకు 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' (యూఎస్‌బీ-సీలోంచి డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ పంపే సదుపాయం) ఉండాలి. పోర్టు పక్కన డీ, పీ అక్షరాలు కలిసిన గుర్తు గానీ థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే ఉన్నట్టే. ఏ గుర్తూ లేకపోతే లేనట్టే అని కాదు, మోడల్ వివరాలు తిరగేయాలి.

ఇందులో ఇంకో తమాషా. యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐకి అని అమ్మే కేబుళ్లలోనూ లాప్‌టాప్ నుంచి బయల్దేరేది డిస్‌ప్లేపోర్ట్ సిగ్నలే. కేబుల్ తలలో ఉన్న చిప్పు దాన్ని హెచ్‌డీఎంఐగా మారుస్తుంది. అందుకే అది ఒక వైపే పనిచేస్తుంది, తిప్పి పెడితే రాదు.

ఇక పేర్ల గందరగోళం సరేసరి. 2008లో యూఎస్‌బీ 3.0గా పుట్టిన 5 గిగాబిట్ల పోర్టుకే తర్వాత 3.1 జెన్ 1 అని, ఆపైన 3.2 జెన్ 1 అని పేరు మార్చారు. వేగం అంగుళం పెరగలేదు.

ప్రశ్న: బయటి హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడల్లా వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది. మౌస్ మార్చాలా?

జవాబు: వద్దు. యూఎస్‌బీ 3.0 నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, మీ మౌస్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే ఈ సంగతి రాసిపెట్టింది. మౌస్ రిసీవర్‌ని పొట్టి ఎక్స్‌టెన్షన్ తీగతో డిస్క్‌కి దూరంగా జరపండి, చాలు.

ప్రశ్న: నా దగ్గర పాత డీవీ క్యామ్‌కార్డర్ టేపులున్నాయి. వాటిని కంప్యూటర్‌కి ఎక్కించే ఫైర్‌వైర్ అనే పాత పోర్టు యూఎస్‌బీ కంటే ఎంతో మెరుగని నా అభిప్రాయం. మంచిది ఎందుకు ఓడిపోయింది?

జవాబు: మీ అభిప్రాయం తప్పు కాదండీ. కాగితం మీద ఫైర్‌వైర్ వేగం సెకనుకు 400 మెగాబిట్లు, యూఎస్‌బీ 2.0ది 480, కానీ పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే ముందు ముగించేది ఫైర్‌వైరే. యూఎస్‌బీలో ప్రతి మాటా కంప్యూటర్ అడిగితేనే పరికరం చెప్పాలి. ఫైర్‌వైర్‌లో పరికరాలు వాటిలో అవే మాట్లాడుకోగలవు. కానీ 1999లో యాపిల్ ఒక్కో పోర్టుకు 1 డాలర్ రాయల్టీ అడిగింది. తర్వాత తగ్గించారు, ఈలోగా ఇంటెల్ తన చిప్‌సెట్లలోనే యూఎస్‌బీని పెట్టేసింది. ఊరికే వచ్చేది ఉండగా డబ్బు పెట్టి ఇంకోటి ఎవరు కలుపుతారు?

2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌కి మద్దతు కూడా తీసేశారు. అందుకని ఫైర్‌వైర్ పోర్టున్న పాత కంప్యూటర్ ఏదైనా మీ ఇంట్లో మూలన పడి ఉంటే పారేయకండి, అప్‌డేట్ చేయకండి, దాంతోనే టేపులు ఎక్కించుకోండి. గంట టేపుకి గంట పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. ఒక్కో గంటకి సుమారు 13 గిగాబైట్ల చోటు ముందే చూసుకోండి.